బోడసరపు బంతి

పిల్లలూ, పువ్వు అనగానే మీకు రేకులు గుర్తుకు వస్తాయి గదా! పైకి ఒక్క రేకయినా కనిపించని పువ్వు మన పొలాలలో వున్నది. దాని పేరు బోడసరం. కొందరు బోడతరం అంటారు. బోడి తలలాగా వుంటుంది గనుక ఆ పేరు వచ్చిందేమో!

మా ఖానాపూర్ ప్రాంతంలో గోదావరిమీది సదర్మాట్ ఆనకట్ట నీటితో వరి పండుతుంది. వానాకాలపు వరి కోశాక, మడిలో చెమ్మ ఆరకముందే యీ మొక్క లేస్తుంది. జానెడో, మూరెడో పెరుగుతుంది. ఆకుల అంచు రంపపు పళ్ళలాగా వుంటుంది. ఆకు కాడ దగ్గర ఆగిపోక, కాండం వెంట రెక్కలాగా కిందికి దిగుతుంది. ముట్టుకుంటే ఘాటయిన వాసన చేతికి అంటుకుంటుంది. కొమ్మల చివర బఠాణీ గింజకన్న కాస్త పెద్దవిగా ఊదారంగు బంతులు!

బడిలో వున్న రోజులలో నేను పిల్లలకు తలా ఒక బంతి ఇచ్చి, "ఇందులో పూలెన్ని?" అని అడిగేవాణ్ణి. "ఒకటి, సార్!" అనేవారు. గుండుసూదితో విప్పమనేవాణ్ణి. బంతి చిన్న చిన్న గుత్తులుగా విడిపోయేది. ఒక్కొక్క గుత్తిలో మళ్ళీ కొన్ని పూలు! ఒక పిల్లవాడు నూరు దాటి లెక్కపెడుతూ, అన్నం గంట కొట్టినా లేవలేదు.

చామంతి, పొద్దుతిరుగుడు దీని చుట్టాలే. వాటిలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఎన్నో పూల గుంపు. బోడసరంలో అటువంటి గుంపులే అనేకం చేరి ఒక బంతి అయినాయి. 1753లో లిన్నేయస్ దీనికి స్ఫేరాంథస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. మొదటి మాటకు గోళంవంటి పువ్వు అని అర్థం. రెండవది మన దేశం పేరు.

గాయానికి పిండే గడ్డిచామంతి కూడా చుట్టమే గాని, అది అమెరికానుంచి వచ్చింది. దాని గింజకు కుచ్చు వుంటుంది, గాలికి ఎగిరిపోతుంది. బోడసరపు గింజకు కుచ్చు లేదు. అది పండి రాలేదాకా మడి ఖాళీగా వుండాలి. ఇప్పుడు యాసంగిలో కూడా వరి వేస్తున్నారు. పూత పండకముందే మడి దమ్ము చేస్తారు, మొక్క బురదలో కలిసిపోతుంది. రైతును నేను తప్పుపట్టను. రెండో పంట వస్తేనే ఇల్లు గడుస్తుంది. అయినా ఒకప్పుడు మడినిండా కనిపించిన బంతులకోసం ఇప్పుడు నేను చెరువు శిఖందాకా నడవవలసి వస్తున్నది.

సంక్రాంతి సెలవులలో మీరూ వెతకండి. ఒక్క మొక్కే వుంటే కోయకండి. చాలా వుంటే ఒక బంతి తెంచి, తెల్లకాగితం పరచుకుని విప్పండి. గాలిలో కూర్చోకండి, లెక్క తప్పుతుంది!