నాలుగు వాటాల ఇల్లు

"నాలుగు వాటాల ఇల్లుంటే చాలు, కాలు మీద కాలేసుకుని బతికెయ్యొచ్చు" అంటుంటారు చాలామంది. అలా అనేవాళ్లకి సాధారణంగా వాటాల ఇల్లుండదు.

మా పిన్నికి అత్తిలిలో ఉంది. ఒక వాటాలో తనుంటుంది. మిగిలిన మూడూ అద్దెకిచ్చింది. బాబాయి పోయాక ఆ అద్దెలే ఆవిడకి ఆధారం. "ఇల్లమ్మేసి నా దగ్గరకి వచ్చెయ్యమ్మా" అంటాడు హైదరాబాదులో ఉన్న కొడుకు.

"ఇల్లుంటే నీ దగ్గరకి చుట్టంలా వస్తాను. అమ్మేస్తే వచ్చి పడి ఉంటాను. రెంటికీ తేడా లేదట్రా?" అంటుంది పిన్ని.

ఆ తేడా ఏమిటో ఆడవాళ్లకి విడమరచి చెప్పాలా?

కాని నెలాఖరుకి చేతిలో ఏమీ మిగిలేది కాదు. "అద్దెలు పెంచు" అన్నారందరూ. పిన్ని కాగితం, పెన్సిలు ముందేసుకుంది. వాటా అద్దె 3,500. నెలకి 300 పెంచితే ఏడాదికి వచ్చేది 3,600. ఆ కోపంతో వాళ్లు ఖాళీ చేసి, వాటా ఒక్క నెల అలా పడి ఉంటే పోయేది 3,500. మళ్లీ వెల్ల వేయించడం ఒకటి! అద్దెకి దిగేవాళ్లు షష్ఠి తీర్థానికి వచ్చినట్టు తోసుకుంటూ రారు కదా!

అసలు చిల్లు మరోచోట ఉంది. నాలుగు వాటాలకీ ఒకటే కరెంటు మీటరు. అద్దెకున్నవాళ్లు తలా 200 ఇచ్చేవారు. మిగతాది పిన్ని కట్టుకునేది. కరెంటు వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటూ పెరుగుతుంది. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 225 దాటాక 8.75 చొప్పున. వాటాకి 75 యూనిట్లనుకుంటే, ఒకే మీటరు మీద 300 యూనిట్లకి 1,673 రూపాయలు. అదే నాలుగు మీటర్లయితే తలా 192, మొత్తం 768. ఇతర చార్జీలు వేరే.

బి.ఏ. చదివిన నేను ఆ లెక్క రెండుసార్లు వేసి చూశాను. సరిపోయింది.

పిన్ని పోపులడబ్బాలో దాచుకున్నది తీసి వాటాకో మీటరు పెట్టించింది. ఎవరి బిల్లు వాళ్లే కట్టుకుంటున్నారు. వాళ్లకి పైసా భారం పెరగలేదు. పిన్నికి నెలకి 880 మిగులుతోంది. ఏడాదికి లెక్కేస్తే ఒక వాటా మూడు నెలల అద్దె! "మీ ఫ్యాను రాత్రంతా తిరుగుతోంది" అన్న తగువులు పోవడం పైలాభం.

మొన్న కొడుకు ఫోను చేసి మళ్లీ ఇల్లు సంగతెత్తబోయాడట.

"పండక్కి రారా, రైలు టిక్కెట్లకి డబ్బు నేనిస్తాలే" అంది పిన్ని.