నునుపంతా ఆ ఉప్పునీళ్లలోనే

ఈసీఎం (ఎలక్ట్రోకెమికల్ మెషినింగ్) మిషన్ అనగానే వోల్టేజీ ఎంత, కరెంటెంత అని అడిగేవాళ్లే ఎక్కువ. నాకైతే ఫినిష్ తేలేది ఎలక్ట్రోలైట్ దగ్గరే, అంటే ఆ ఉప్పునీళ్ల దగ్గరే అనిపిస్తుంది.

టూల్‌కీ జాబ్‌కీ మధ్య సందు మామూలుగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందులోంచి ఉప్పునీళ్లు సెకనుకి 10 మీటర్లకు పైగా వేగంతో దూసుకుపోవాలి. కరెంటుకి జాబ్ నుంచి కరిగిన లోహం హైడ్రాక్సైడ్ బురదవుతుంది, టూల్ వైపు హైడ్రోజన్ బుడగలు లేస్తాయి, నీళ్లు వేడెక్కుతాయి. వేడికి కండక్టివిటీ పెరుగుతుంది, బుడగలకు తగ్గుతుంది. ప్రవాహం ఎక్కడైనా చెదిరిందా, నీళ్లు పారిన దారి జాబ్ మీద చారలుగా అచ్చుపడిపోతుంది. వెలుతురుకి వాల్చి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

ఇక ఏ ఉప్పు అంటే, సోడియం క్లోరైడ్ చవక, స్టీలును గబగబా తినేస్తుంది, కానీ పక్క చోట్లనీ వదలదు. సోడియం నైట్రేట్ అయితే కరెంట్ తక్కువగా చేరే చోట ఆక్సైడ్ పొర కట్టి కాపాడుతుంది. అంచులు నిలుస్తాయి. కరెంట్ డెన్సిటీ దండిగా ఉన్న చోట మెరుపొస్తుంది. ఖర్చెక్కువైనా ఫినిష్ ముఖ్యమైన చోట నా ఓటు నైట్రేట్‌కే.

ఏ ఉప్పు వాడినా, బురదను వడకట్టే ఫిల్టర్ మార్చడం మాత్రం వాయిదా వెయ్యకండి. సందులో బురద ఇరుక్కుని స్పార్క్ కొడితే టూలూ జాబూ రెండూ పాడవుతాయి.