ముసురు రోజుల కేసులు

మా వైపు చలికాలంలో చలి కంటే ముసురుతోనే బాధ ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు మా ఉత్తరాంధ్ర తీరం మీదే విరుచుకుపడ్డాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ ఎక్కడో బాపట్ల దగ్గర తీరం దాటింది. అయినా ఇక్కడి రైతుకు నిద్ర లేకుండా చేసింది. డిసెంబరంటే వరి కోసి పొలంలోనో కళ్లంలోనో ఉండే నెల కదా. మబ్బు పట్టిందంటే రామతీర్థం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటిల్లిపాదీ టార్పాలిన్లు పట్టుకుని కుప్పల దగ్గరికి పరుగెడతారు. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలు మాత్రం మామ్మతో ఇంట్లో మిగిలిపోతారు. వాన వెలిశాక వైద్యుడిగా నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటి కథ ఆ ఇంట్లోనే మొదలవుతుంది.

ఓ పిల్లాడిని జలుబు తగ్గడం లేదని తీసుకొచ్చారు. ముక్కు ఒక్క వైపు నుంచే కారుతోంది, పైగా దుర్వాసన. జలుబైతే రెండు వైపులా కారుతుంది. ఒకే వైపు కారుతూ వాసన వస్తుంటే లోపల ఏదో ఇరుక్కుందని ముందుగా అనుమానించాలి. చూస్తే చింతపిక్క, నాని ఉబ్బిపోయి ఉంది. వర్షంలో బయటికి వెళ్లలేక అక్క వామనగుంటలు ఆడుతుంటే, తమ్ముడు తన ఆట తాను కనిపెట్టుకున్నాడన్న మాట. ఇంట్లో పిన్నీసుతో తీయబోయారట. అలా చేస్తే పిక్క ఇంకా లోపలికి పోతుంది. నేను తీసి ట్రేలో వేయగానే ఆ అక్క “మా పిక్క మాకిచ్చీండి, ఒకటి తక్కువైపోనాది” అంది.

నవ్వు రాని కేసు ఇంకోటి. పిల్లాడు పొద్దెక్కినా మత్తు వదలక తూగుతున్నాడు. జ్వరం లేదు, విరేచనాలు లేవు. గుచ్చి గుచ్చి అడిగితే మామ్మ చెప్పింది: “అల్లరి ఎక్కువైపోనాది బాబూ. జలుబు నేదు గానీ, పెద్దోడి మందు ఉంటే ఓ మూత ఏసినాను. తొంగున్నాడు.” ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. మోకాళ్ల నొప్పులతో, కరెంటు లేని ఇంట్లో, రోజంతా ఆ పిల్లాడి వెనక ఎవరు పరుగెత్తగలరు? కానీ ఆ మందు సంగతి గట్టిగానే చెప్పాను. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలంటూ కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించింది కూడా 2023 డిసెంబరులోనే.

సెల్‌ఫోను కూడా దాదాపు ఆ మూత మందు లాంటిదే. పిల్లాడు ఊరుకుంటాడు, పెద్దలకు కాస్త ఊపిరాడుతుంది. అయితే ఆ వయసు పిల్లాడు ఊరుకుని ఉండకూడదు. ఒకటి, రెండేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రెండేళ్లు నిండేదాకా తెర అసలు వద్దని మన పిల్లల వైద్యుల సంఘం మాట. మూడు గంటలంటే తల్లులు హడలిపోతారు. ఒకేసారి కాదమ్మా, పది నిమిషాలు ఇప్పుడు, పావుగంట తర్వాత, అలా పోగుచేస్తే చాలు.

ఒక్క గదిలో అది ఎలా కుదురుతుందో ఓ ఇంట్లో చూశాను. బొమ్మ అన్నది లేదు. ఒక గంపలో ఉల్లిపాయలు పోసి, ఎదుటి గోడ వారన ఖాళీ గంప పెట్టింది వాళ్ల మామ్మ. పిల్ల ఒక్కో ఉల్లిపాయా మోసుకెళ్లి వేస్తోంది. అయిపోగానే మళ్లీ ఇటు. ఉల్లిపాయ నోట్లో పట్టదు, పగలదు. అరుస్తూ చప్పట్లు కొట్టడం మామ్మ పని, కూర్చున్న చోటు నుంచి కదలక్కర్లేదు. విసుగొచ్చాక మంచం మీంచి దుప్పటి వేలాడదీస్తే కింద గుహ తయారు. ఆ తర్వాత తాత బోర్లా పడుకుంటే ఆ వీపే రామతీర్థం బోడికొండ, ఇక ఎక్కడమే. పది నిమిషాలకోసారి ఆట మారాల్సిందే, ఆ వయసు బుద్ధి అంతకంటే నిలవదు. కొనాలనుకుంటే ఏటికొప్పాక బొమ్మలున్నాయి. అంకుడు కర్రకు చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్క పూస్తారు. అయితే ఊడివచ్చే చిన్న ముక్కలున్నవి వద్దు.

తలుపులన్నీ బిగించి కుంపటి, సాంబ్రాణి పెట్టడం మాత్రం నాకు సుతరామూ ఇష్టముండదు. దగ్గు చల్లగాలి వల్ల వస్తుందని అనుకుంటారు గానీ, మూసిన గదిలో పొగా, పక్కవాళ్ల తుమ్ములూ చేసే చేటే ఎక్కువ. చినుకు తగ్గినప్పుడు ఒళ్లంతా కప్పి వసారాలోకి తీసుకురండి.

వేరుశనగ గింజలు, పిక్కలు, గుండీలు, పిల్లాడి గుప్పిట్లో దాగిపోయేదేదైనా సరే, అటక మీదికి పోవాలి. కిరసనాయిలు సీసా కూడా. తాగితే వాంతి చేయించకండి. అన్నిటికన్నా నాకు భయం రిమోట్లలో, మెరిసే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీలంటే. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తాయి. మింగాడన్న అనుమానం వస్తే చాలు, వాన వెలిసేదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.