అరచేతిలోని కోట

కోటకథలయందు బాలురకు గల ప్రీతి నేటిది కాదు. మన తెలుగునాట బాలనాగమ్మ కథ వినని యిల్లు అరుదు. మాయలఫకీరు బాలనాగమ్మను గొనిపోయి తన కోటలో నుంచుట, ఆమెను విడిపింపబోయిన భర్త రాయి యగుట, కడకు ఆమె కొడుకు బాలవర్ధి పసివాడయ్యును బయలుదేరి, ఏడు సముద్రముల కావల చిలుకయందున్న ఫకీరు ప్రాణమును దీసి తల్లిని దెచ్చుట - ఈ కథను బుర్రకథగా విన్నవారును, 1942లో జెమినీవారు తీసిన చలనచిత్రమున జూచినవారును మన తాతల తరమున ననేకులు. కన్నవారిలో నొకరు దూరమగుట, బిడ్డ వారికై భయంకరమైన కోటలో బ్రవేశించుట - ఇదియే దాని సారము. ఇట్టి కథయే యొకటి 2002వ సంవత్సరమున దుబాయి నుండి చిన్న పెట్టెలో మా యింటికి వచ్చెను. దానిని గూర్చి నాలుగు మాటలు చదువరులకు విన్నవించుచున్నాము.

మేమిరువురము అన్నదమ్ములము, ఈ పాఠశాలయందే చదివిన వారము. మా బాపు తాపీపని చేయువాడు. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల నుండి 1970ల తరువాత వేలకొలది జనులు గల్ఫు దేశములకు బ్రదుకుదెరువునకై పోవుట మన పాఠకు లెల్లరు నెరిగినదే. మా బాపును 2000లో నట్లే పోయెను. రెండేండ్లకు మా వాడకట్టు మనిషి యొకడు సెలవుపై వచ్చుచు, బాపు పంపినదని యొక పొట్లము మాకిచ్చెను. విప్పి చూడగా అందు నింటెండో వారి గేమ్ బాయ్ అడ్వాన్సు అను ఆటయంత్రమును, దానిలో నమర్చు నొక చిన్న బిళ్లయు నుండెను. రెండును ఎవరో వాడి విడిచినవి. బిళ్లపై "కాసిల్‌వేనియా: సర్కిల్ ఆఫ్ ది మూన్" అని యుండెను. పొట్లముపై మాత్రము మాలో చిన్నవాని పేరొక్కటియే వ్రాయబడి యుండెను. పెద్దవాడు దానిని జూచి యేమియు ననలేదు.

ఈ యాటను గూర్చి తెలియనివారికి కొంత చెప్పవలెను. 1897లో బ్రామ్ స్టోకరు అను ఐర్లండు రచయిత డ్రాక్యులా అను రక్తపిశాచి కథను నవలగా వెలువరించెను. జపాను దేశపు కొనామీ సంస్థవారు ఆ పేరు గొని 1986లో ఈ యాటల వరుసను మొదలిడిరి. మాకు వచ్చినది 2001లో వెలువడినది. ఇందు ఆడువాడు కొరడా చేతబట్టిన యొక యువకుని నడపుచు, అస్థిపంజరములును, పిశాచములును, రాతిబొమ్మలును గల మహాదుర్గమున గదివెంట గదిగా దిరుగవలెను. భూతములను గెలిచినకొలది వాని బలము పెరుగును. దాటిన గదులన్నియు పటమున నొక్కొక్క చిన్న గడిగా నిండుచుండును.

యంత్రపు తెర మూడంగుళములకు మించదు. దానికి లోపలి వెలుగు లేదు. ఆటయో మిక్కిలి చీకటి రంగులతో జేయబడినది. ఇంటిలో దీపముక్రింద నెట్లు పట్టినను భూతము మీద బడువరకు కనబడదు. కావున మేము మిద్దెపైకెక్కి ఎండలో గూర్చుండి యాడుచుంటిమి. చీకటికోటను జూచుటకు కరీంనగరపు ఎండ కావలసివచ్చెను! రెండు చిన్న బ్యాటరీలు వేసిన పదునైదు గంటల వరకు నడచును. అవి యైపోయిన పిమ్మట క్రొత్తవి కొనుటకు అమ్మను డబ్బులడుగ మనసొప్పక, అరిగినవానినే ఎండలో బెట్టి మరల వేసి చూచుచుంటిమి.

మా నాయనమ్మ యొకనాడు వచ్చి ప్రక్కన గూర్చుండి తెరను జూచి, "వీని పానమెక్కడున్నదిరా? చిలుకల ఉన్నదా?" అని యడిగెను. చిలుక లేదని చెప్పితిమి. "చిలుక లేకుంటె వాన్నెట్ల చంపుతరు?" అనెను. ఆ ప్రశ్న మంచిది. బాలవర్ధికి ఫకీరు ప్రాణపు గుట్టు తెలిసిన జాలును. ఈ యాటలో నట్టి గుట్టొక్కటియు లేదు. నాయకుడు మొదట పరుగెత్తనైన లేడు, మెల్లగా నడచును. వెదకి వెదకి యొక జోడు చెప్పులు సంపాదించిన పిదప పరుగు వచ్చును. మూడుతలల కుక్కను గెలిచిన పిదప గాలిలో రెండవమారు ఎగురుట వచ్చును. మొదటి దినమున జూచి విడిచిన యెత్తైన గడప, పది దినములకు ఆ శక్తి వచ్చినపుడు సులభముగ నందును. అందని గడపలన్నింటిని మేము నోటుబుక్కున గీసి గుర్తు పెట్టుకొంటిమి. పెద్దవాడు పటము గీయుట, చిన్నవాడు మీటలు నొక్కుట - ఇది మా యేర్పాటు.

ఆటలోని మాటలన్నియు ఆంగ్లమున నుండెను. చిన్నవాని కప్పటికి ఆంగ్లము రాదు. పెద్దవాడు నిఘంటువు దగ్గర నుంచుకొని చదివి తెలుగున జెప్పుచుండెను. ఆరంభమున వచ్చు స్థలము పేరు "క్యాటకూమ్" అని యుండగా, దాని యర్థమును మా ఆంగ్లోపాధ్యాయుని అడిగితిమి. రోము నగరము వెలుపల భూమిలో దొలిచిన సొరంగములు గలవనియు, ఆదిక్రైస్తవులు తమవారిని అందు సమాధి చేసిరనియు వారు చెప్పిరి. ఆ పదమెక్కడ గంటిమని వారడుగగా మేము ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి.

ఇక కథ వినుడు. మారిస్ బాల్డ్విన్ అను గురువునకు ఇద్దరు శిష్యులు. హ్యూ అనువాడు ఆయన కన్నకొడుకు. నేథన్ అనువాడు తల్లిదండ్రులు లేక ఆయన చేత బెరిగినవాడు. గురువు తన కొరడాను కొడుకున కీయక నేథనున కిచ్చెను. డ్రాక్యులా గురువును బంధించి, శిష్యులను పాతాళమున బడద్రోయును. హ్యూ తన తండ్రిని తానే విడిపించుకొందునని, నేథనును వెనుకకు బొమ్మని కసరి, ఒంటిగ బోవును. నేథన్ తిరిగి పోక తానును వెదకును.

ఈ భాగమును చదివి చెప్పునపుడు పెద్దవాని గొంతు మారెను. కన్నకొడుకుండగా కొరడా మరియొకని కిచ్చుట యేమి? పెద్దవాడుండగా పొట్లము చిన్నవాని పేర వచ్చుట యేమి? ఆ మాట మాలో నెవ్వరము పైకి ననలేదు. ఆనాడు ఆట యంతటితో నాగెను. తరువాత మూడు దినములు పటము గీయబడలేదు. చిన్నవాడు ఒంటిగ నాడి, ఒకే గదిలో మరల మరల చచ్చి, నాలుగవ దినమున యంత్రమును దెచ్చి అన్న పుస్తకముపై నుంచి, "అన్నా, గీ తలుపు యాడున్నదో జెప్పు" అనెను. పెద్దవాడు పటము దీసెను.

ఈ యాటలో చీట్ల విద్య యొకటి గలదు. భూతములను గెలిచినపుడు అప్పుడప్పుడు మంత్రపు చీట్లు లభించును, మొత్తము ఇరువది. పదింటిపై రోమకుల దేవతల పేర్లు. పదింటిపై వింతజంతువుల పేర్లు. ఏ చీటియు ఒంటిగ బనిచేయదు. ఒక దేవతను ఒక జంతువుతో గూర్చినపుడే మంత్రము ఫలించును. ఇట్లు కూర్పులు నూరగును. వానినన్నింటిని మేము పట్టికగా వ్రాసి, ఏ కూర్పున నేమి కలుగునో నింపితిమి. గుణకారము అన్నది దేనికి బనికివచ్చునో మాకు అప్పుడు తెలిసెను. మరియొకటియు దెలిసెను గాని, దానిని మేము మాటలలో బెట్టుకొనలేదు.

ఆ యేడు ఉపాధ్యాయులు మమ్ము ఎలగందుల కోటకు దీసికొని పోయిరి. కరీంనగరమునకు సమీపమున, మానేరు చెంత, కొండపై నున్న యీ దుర్గము కాకతీయుల నాటినుండి బహమనీ, కుతుబ్‌షాహీ, మొగలాయి, నిజాము పాలకుల చేతులు మారినది. జిల్లా కేంద్రము కరీంనగరమునకు మారువరకు ఎలగందులయే కేంద్రము. అగడ్తయు, ఒకదాని వెనుక నొకటిగా ద్వారములును మాకు చిరపరిచితములుగ దోచెను. శత్రువు వేగముగ లోనికి రాకుండుటకే కోట నట్లు కట్టుదురని ఉపాధ్యాయులు చెప్పిరి. భూతములు లేవు, పొదలును గబ్బిలములును గలవు. తలుపులు లేని ఆ ద్వారములలో నిలిచి మేము అలవాటుకొలది పటము గీసితిమి.

ఆట తుదిభాగమున హ్యూ డ్రాక్యులాకు వశుడై నేథనుపైకే వచ్చును. ఓడిన పిమ్మట వానికి తెలివి వచ్చును; తండ్రిని రక్షింపుమని వేడును. గురువున్న గదికి దారిచూపు తాళపుచెవి అప్పుడే లభించును. ఎన్ని భూతములను జంపినను ఆ తలుపు తెరువబడదు. అసూయ పోయిననే తెరువబడును. మేము ఆట ముగించునప్పటికి వేసవి వచ్చెను.

2003లో బాపు రెండు నెలల సెలవుపై వచ్చెను. నూరు గదులు దాటిన ఘనతను చూపబోతిమి. బాపు యంత్రమును చేతనందుకొనెను గాని, సిమెంటుతో గట్టిబడిన ఆయన వ్రేళ్లు ఆ చిన్న మీటలపై నిలువలేదు. నవ్వి తిరిగి యిచ్చెను. ఆ రాత్రి పెద్దవాడు, పొట్లముపై పేరు సంగతి మెల్లగ నడిగెను. బాపు కొంచెము సేపు ఊరకుండి యిట్లనెను: "ఉత్తరాలన్ని నీ పేరు మీదనే రాస్తి గద కొడుకా. ఇల్లు నీకప్పజెప్పిన. ఆట ఒక్కటన్న వానికుండద్దా?"

పెద్దవాడు లేచి పెట్టె తెరచి ఉత్తరములను లెక్కించెను, నలువదియొకటి యుండెను. అన్నింటిపైనను తన పేరే. అమ్మకు చదువు రాదు గనుక, అప్పు తీర్చిన లెక్కలును, నాయనమ్మ మందులును, తమ్ముని చదువును అందు వాని కొప్పగింపబడి యుండెను.

ఆ యంత్రము నేడు పనిచేయదు. ఆ యాటను మాత్రము 2021లో కొనామీవారు మరి మూడింటితో గలిపి క్రొత్త యంత్రములకై మరల వెలువరించిరి. మాలో చిన్నవాడిప్పుడు కువైటున నున్నాడు. పెద్దవాడు ఇచ్చటనే యున్నాడు. కువైటునుండి వచ్చు పెట్టెలపై ఇప్పుడు పెద్దవాని పిల్లల పేర్లుండును.

ప్రియ విద్యార్థులారా! ఆటలు కాలమును దినునని పెద్దలు చెప్పుదురు, అది నిజమే. పాఠము ముగించి యాడుడు, ఒంటిగ నాడకుడు. మీలో ననేకుల తండ్రులు నేడును దూరదేశముల నున్నారు. వారు పంపిన పెట్టెపై ఎవరి పేరున్నదో చూచునపుడు, ఇంటి భారము ఎవరి పేర వచ్చుచున్నదో కూడ చూడుడు. పెట్టె యొకరిది, భారమొకరిది యైనను, రెంటిని పంపిన చేయి యొక్కటియే.