వాలుకు ఎదురుగా

పక్షవాతంతో మా నాన్నగారి కుడిచేయి పడిపోయిన నాటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. శస్త్రవైద్యుడిగా ముప్పై ఏళ్లు పని చేసినవాణ్ని. అందుచేత, ఆయన జీవితమంతా వాడిన పొడవాటి మడత కత్తితో ఆయనకు గడ్డం గీయడం నాకొక లెక్కలోనిది కాదనుకున్నాను. సేఫ్టీ రేజరు ఆయన ముట్టనిచ్చేవారు కారు. పైగా వాలున ఒకసారి, ఎదురుగా ఒకసారి గీస్తే తప్ప అది గడ్డం గీయడమే కాదని ఆయన సిద్ధాంతం.

మొదటి రోజునే గవద కింద కోశాను. ఆపరేషన్ కత్తిని పట్టినట్లు, అంటే కలం పట్టినట్లు పట్టాను మరి. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్న మనిషి. దూదితో అదిమి కూర్చుంటే ఆగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నాన్నగారు ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ కలిగించింది.

మర్నాడు మా వీధి చివర క్షౌరశాల నడిపే పెద్దాయనను ఇంటికి పిలిచాను. ఆయన కత్తి విప్పి, నా వేళ్లు ఒక్కొక్కటే సరిచేశాడు. అలుగుకూ పిడికీ మధ్య ఉండే సన్నని మెడ మీద చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు. ఆ మెడ కింది నుంచి బొటనవేలు. చివర వంకీ తిరిగిన తోక మీద చిటికెనవేలు. పిడి ఆ చివరి రెండు వేళ్ల నడుమ నుంచి పైకి నిలవాలి. "బిగించకండి డాక్టరుగారూ, బరువంతా కత్తిదే కానివ్వండి" అన్నాడు.

వాలున గీసేటప్పుడు అలుగు చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో ఉంటే చాలు. ఎదురు గీసేటప్పుడు అందులో సగానికి తగ్గించి, కత్తి వీపును దాదాపు చర్మం మీదకు వాల్చాలి; కోణం పెరిగితే అంచు రోమాన్ని వదిలి చర్మంలోకి దిగుతుంది. ఇతరులకు గీసేవారు తల వైపు నిలబడి, కత్తిని తమ వైపుకు చిన్న చిన్న గీతలుగా తీసుకోవాలి. తనకు తాను గీసుకునేవారు మణికట్టు తిప్పి, అంచు పైకి, పిడి కిందికి ఉండేలా పట్టుకోవాలి. ఏ పట్టులోనైనా అలుగు తన పొడవునా పక్కకు జారకూడదు. కోసే కదలిక అదే.

అయితే అసలు పని రెండో చేతిది. కత్తి పైకి నడుస్తుంటే ఆ చేయి చర్మాన్ని కిందికి లాగి పట్టాలి. తడి వేళ్లు జారతాయని పెద్దాయన వేళ్లకు పటిక రుద్దుకున్నాడు. కోతకు ముందు చర్మాన్ని బిగించి పట్టమని మా ఆచార్యులు నాకు ఇరవై రెండో ఏట చెప్పిన పాఠమే అది. నాన్నగారి ముడతలు పడిన మెడ దగ్గర అది నాకు గుర్తుకు రాకపోవడం విచిత్రం.

వెళ్తూ తన కత్తితో ఒకసారి గీసి చూపిస్తానన్నాడు గాని నేను వద్దన్నాను. హెపటైటిస్-బి వైరసు ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. పటిక ముక్కతో తుడిస్తే పోదు. ఆయన నొచ్చుకోలేదు. దుకాణంలో మనిషికొక కొత్త బ్లేడు మారుస్తున్నానని చెప్పాడు.

ఆ తరువాత నా చేయి కుదిరింది. చెంపలు వాలున గీసి, మళ్లీ నురుగు పట్టించి, ఎదురు గీసేవాణ్ని. మెడను మాత్రం వాలునే వదిలేసేవాణ్ని. మాత్రల సంగతి ఒకటి; రెండోది, అక్కడ ఆయనవి మెలితిరిగిన రోమాలు. బిగించిన చర్మం మీద ఎదురు గీస్తే రోమం చర్మం మట్టం కంటే కిందికి తెగుతుంది. చేయి వదలగానే లోపలికి పోయి, తిరిగి పెరిగేటప్పుడు కొన ప్రక్కకు గుచ్చుకుంటుంది. అక్కడ లేచే ఎర్రని పొక్కులను మొటిమలనుకుని లేపనాలు రాసుకునే యువకులను ఎందరినో చూశాను. వారికి నేను చెప్పిన మొదటి మందు ఎదురు గీయడం మానమనే. మధుమేహం ఉన్నవారికీ అదే మాట.

నాన్నగారు మంచి చేతి వెనుకభాగంతో గొంతు తడుముకుని, "ఇక్కడ గరుకుగానే ఉందిరా" అనేవారు. మాత్రల కారణంగా వదిలేశానని ప్రతిసారీ వివరించేవాణ్ని. ఒక ఉదయం నా ముఖం చూస్తూ అన్నారు: "మందుల మాట ఎందుకురా, భయమేస్తోందని చెప్పరాదూ?"

అవునన్నాను. ఆయన గడ్డం పైకెత్తి, రెండో చెంప నా వైపు తిప్పారు.