మీ వెనక మేమున్నాం

పలకటానికి చాలా తేలికైన మాట ఇది. నేనూ ఒకసారి పలికాను. అందుకే దాని బరువు నాకు తెలుసు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన కాలేజీలో హాస్టలు వార్డెను ఒకాయన పిల్లల్ని పురుగుల్లా చూసేవాడు. అన్నంలో ఈ రాళ్ళేమిటని అడిగినవాణ్ణి పెట్టె బేడాతో సహా బయటికి నెట్టించాడు. ఒక సాయంత్రం నలుగురు కుర్రవాళ్ళు నా దగ్గరికొచ్చి, "సమ్మె చేద్దామనుకుంటున్నాం సార్" అన్నారు. నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. "చెయ్యండి, మీ వెనక మేమున్నాం" అన్నాను. మూడోనాడు ఆ నలుగురినీ కాలేజీలోంచి పంపేశారు. ఆవేళ నేను స్టాఫ్ రూములో జవాబు పత్రాలు ముందు వేసుకుని తల వంచుకు కూర్చున్నాను. ఒక్కటీ దిద్దలేదు.

మొన్న క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "ప్రజలు నియంతమీద తిరగబడితే పై దేశాలు ఏం చెయ్యాలి సార్?" పద్యాలు చెప్పుకునేవాణ్ణి, నాకెందుకమ్మా అని తప్పుకోవచ్చు. కాని ఆ నలుగురూ నా కళ్ళముందు నిలబడ్డారు. వాళ్ళతోపాటే ఇరాకు గుర్తుకొచ్చింది.

ఇరాకు సైన్యమూ, ప్రజలూ తామే పూనుకుని సద్దామును దించాలని 1991 ఫిబ్రవరి 15న అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్ బాహాటంగా అన్నాడు. ఆ నెలాఖరుకు కువైట్ యుద్ధం ఆగింది. వెంటనే బస్రాలో తిరుగుబాటు లేచింది. దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు లేచేసరికి 18 రాష్ట్రాల్లో 14 సద్దాము చెయ్యి జారాయి. వంతెనలు కూలిపోయాయి గనుక హెలికాప్టర్లనైనా ఎగరనివ్వండని సంధి మాటల్లో ఇరాకు సేనానులు అడిగారు. అమెరికా సేనాని ష్వార్జ్‌కాఫ్ సరేనన్నాడు. ఆ హెలికాప్టర్లే తిరుగుబాటుదారులమీద నిప్పులు కురిశాయి. అమెరికా సైన్యం అప్పటికింకా దక్షిణ ఇరాకులోనే ఉంది; చూస్తూ ఊరుకుంది. వేలకువేలు చచ్చిపోయారు. పది లక్షలకు పైగా కుర్దులు పిల్లాపాపలతో కొండలెక్కి టర్కీ, ఇరాన్ సరిహద్దులకు పరుగెత్తారు. ఏప్రిలులో గాని వాళ్ళకు రక్షణ ఏర్పాటు కాలేదు.

"అయితే సైన్యాన్ని పంపి దించెయ్యాలా?" అంది అమ్మాయి.

అదీ చూశాం. 2011లో గడాఫీ సేనలు బెంగాజీమీదికి వస్తుంటే, లిబియా పౌరుల్ని కాపాడమని భద్రతామండలి తీర్మానించింది. మన దేశం అటూ ఇటూ ఓటు వెయ్యలేదు. నాటో విమానాలు బెంగాజీ దగ్గర ఆగలేదు. అక్టోబరుకు గడాఫీ చచ్చాడు. ఆ తరువాత ఇల్లు చక్కబెట్టే భారం ఎవరూ నెత్తిన వేసుకోలేదు. 2014 కల్లా దేశం రెండు ముక్కలై కొట్టుకుంది.

ఫిలిప్పీన్సు సంగతి వేరు. మార్కోసును ఏళ్ళ తరబడి మోసింది అమెరికాయే. 1986 ఫిబ్రవరిలో మనీలా జనం లక్షలుగా వచ్చి ట్యాంకులకు అడ్డం నిలిచారు. మార్కోసు ఫోను చేసి సలహా అడిగితే, సెనేటర్ లాక్సాల్ట్ దిగిపొమ్మన్నాడు. అమెరికా విమానంలోనే హవాయి పోయాడు. దోచుకున్నది వెంట పట్టుకుపోయాడే అని కడుపు మండుతుంది, నిజమే. కాని వీధిలో నెత్తురు పారలేదు గదా! గెలిచింది మనీలా జనం. పైవాళ్ళు చేసిందల్లా, ఇన్నాళ్ళూ నియంత భుజంమీద వేసిన చెయ్యి తియ్యటం, పోవటానికి తలుపు తియ్యటం.

నాకు తోచినంతలో పై దేశం మొదటి పని అదే: తానిచ్చే తుపాకులూ, డబ్బూ ఆపటం. రెండోది, పారిపోయి వచ్చినవాళ్ళకు చోటివ్వటం. జనాన్ని ఊచకోత కోస్తుంటే అడ్డుపడక తప్పని రోజూ రావచ్చు. అప్పుడు అడ్డుపడినవాడు తరువాతి భారమూ మొయ్యాలి. మొయ్యలేనివాడు లెండి, తిరగబడండి అని కేకలు వెయ్యకూడదు. ఆ కేక వేసినవాడు తన ఇంట్లో క్షేమంగానే ఉంటాడు. నమ్మి లేచినవాడి ఇల్లే కాలుతుంది.

అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఆ నలుగురి సంగతి మాత్రం చెప్పటానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.