మన బ్యాచేనా?

మా హాస్టల్ అమ్మాయిల వాట్సాప్ గ్రూపులో మామూలుగా నడిచేవి మూడే విషయాలు: చీరలు, పిల్లల స్కూలు ఫీజులు, ఎవరి గ్రీన్‌కార్డు ఎక్కడ ఆగిపోయిందనేది. 2021 మే నెలలో మాత్రం ఆ గ్రూపు రాత్రి రెండింటికి కూడా నిద్రపోలేదు. ఏ ఆసుపత్రిలో బెడ్ ఉంది, ఆక్సిజన్ సిలిండర్ ఎవరు నింపుతున్నారు, ఏ నంబరు ఎత్తడం లేదు, అన్నీ ఒక షీట్‌లో. ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోతే ఎలా కూర్చుంటామో అలాగే కూర్చున్నాం. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు పగలు, మేము రాత్రి. ఇద్దరు బ్యాచ్‌మేట్ల నాన్నలు బతికారు. ఆ షీట్ ఇప్పటికీ నా డ్రైవ్‌లో ఉంది, తెరవను.

అదంతా మళ్లీ గుర్తు చేసింది లారెన్ విల్లిగ్ రాసిన 'బ్యాండ్ ఆఫ్ సిస్టర్స్' నవల. దానికి ఆధారం నిజంగా జరిగిన కథే. 1917 ఏప్రిల్‌లో, అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన రోజుల్లో, హారియెట్ బాయ్డ్ హాస్ అనే ఆవిడ బోస్టన్‌లో తన కాలేజీ పూర్వ విద్యార్థినుల ముందు మాట్లాడింది. ఆవిడ పురావస్తు శాస్త్రవేత్త. క్రీట్ దీవిలో గూర్నియా అనే పాత పట్టణాన్ని తవ్వించింది, అంతకుముందు 1897 గ్రీకు-టర్కీ యుద్ధంలో నర్సుగా పనిచేసింది. మన స్మిత్ కాలేజీ అమ్మాయిలమే ఒక దళంగా ఫ్రాన్స్ వెళ్దాం అంది. నాలుగు నెలలు తిరక్కుండానే ఓడ ఎక్కేశారు!

వాళ్లు దిగింది సొమ్ ప్రాంతంలోని గ్రెకూర్‌లో. జర్మన్ సైన్యం వెనక్కి పోతూ పోతూ ఇళ్లు కూల్చి, చెట్లు నరికి, బావులు పాడుచేసి వెళ్లిన చోటు. మిగిలినవాళ్లు ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. కూలిపోయిన ఒక కోట ఆవరణలో ఈ అమ్మాయిలు మకాం వేశారు. బురద దారుల్లో ట్రక్కులు వాళ్లే నడిపారు. ఆవుల్ని, కోళ్లని తెచ్చి పాలు పంచారు. చుట్టుపక్కల ఊళ్లకు సరుకుల బండి తిప్పారు, పిల్లలకు చదువు చెప్పారు, డాక్టర్లు ఇల్లిల్లూ తిరిగి వైద్యం చేశారు. వీళ్లేమీ సన్యాసినుల మఠం కాదు. కొన్ని వారాలకే గొడవలొచ్చి హాస్ తప్పుకుంది, డాక్టర్ ఆలిస్ వెల్డ్ టాలెంట్ పగ్గాలు తీసుకుంది. ఇది చదివి నవ్వొచ్చింది. మా గ్రూపులో అడ్మిన్ రెండుసార్లు మారింది. 1918 మార్చి 21న జర్మన్ల పెద్ద దాడి మొదలైనప్పుడు, అప్పటిదాకా పాలు మోసిన ట్రక్కుల్లోనే ఊళ్లవాళ్లని ఎక్కించి తరలించారు.

స్మిత్‌ది సొరారిటీ కాదు, పూర్వ విద్యార్థినుల సంఘం. కానీ గ్రీకు అక్షరాల పేర్లతో, ప్రమాణాలతో, చదువయ్యాక కూడా పోని సభ్యత్వంతో నడిచే సొరారిటీలు కూడా ఆ రోజుల్లో ఇదే దారి పట్టాయి. డెల్టా గామా వాళ్లు బెల్జియంలోని మార్షియెన్‌లో అనాథ పిల్లల ఆశ్రమానికి డబ్బు సమకూర్చారు. టీ పార్టీలకు కలిసేవాళ్లు అంత పని చేయగలరా అంటే, చేయగలరు. టీ పార్టీలకు కలిశారు కాబట్టే చేయగలిగారు. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేస్తే తిట్టకుండా ఎత్తుతుందో తెలియాలంటే పదేళ్ల పనికిమాలిన కబుర్లు కావాలి. ఏ ఎన్జీవో దగ్గరా లేని సరుకు అది.

అయితే ఆ సోదరీమణుల్లో ఎవరు ఉండొచ్చు? ఆ కాలపు పాత సొరారిటీలు తెల్లవాళ్లవి. నల్లజాతి అమ్మాయిలు హోవర్డ్ యూనివర్సిటీలో 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా, 1913లో డెల్టా సిగ్మా తీటా సొంతంగా కట్టుకున్నారు. ఫ్రాన్స్‌కి వెళ్లిన నల్లజాతి సైనికులు దాదాపు రెండు లక్షలు. వాళ్ల బాగోగులు చూడటానికి వైఎంసీఏ తరఫున అక్కడున్న నల్లజాతి స్త్రీలు చాలాకాలం ముగ్గురే. వాళ్లలో ఆడీ హంటన్, కేథరిన్ జాన్సన్ 1920లో ఆ అనుభవాలని పుస్తకంగా రాశారు. తెల్ల అమ్మాయిలు ఓడల మీద వస్తూనే ఉన్నారు. వీళ్లకి మాత్రం అనుమతులు రాలేదు.

ఇక్కడే నాకు పుస్తకం పక్కన పెట్టాలనిపించింది.

ఆ మే నెల మూడో వారంలో మా హాస్టల్ మెస్‌లో వండే అక్క నాకు ఫోన్ చేసింది. నాలుగేళ్లు మాకు అన్నం పెట్టిన మనిషి. పరీక్షల ముందు రాత్రి టీ కోసం గిన్నె వదిలిపెట్టి వెళ్లేది. భర్తకి ఊపిరాడటం లేదు, ఆసుపత్రివాళ్లు నలభై వేలు కట్టమంటున్నారు. గ్రూపులో పెట్టాను. పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరు, "పాపమే, కానీ మన బ్యాచా? మొదలుపెడితే అంతు ఉండదు కదే." ఇంకొకరు, "ఫండ్ మన వాళ్ల ఫ్యామిలీస్‌కి అనుకున్నాం కదా." తర్కం సరిగ్గానే ఉంది, మిగిలిన డబ్బు నిజంగానే తక్కువ. నేను ఒక పెద్ద మెసేజ్ టైప్ చేశాను. చెరిపేశాను. నా జీతంలోంచి పదిహేను వేలు అక్కకి పంపి, గ్రూపులో థంబ్ పెట్టి ఊరుకున్నాను.

ఆయన బతికాడు. మిగతా డబ్బు ఎక్కడ తెచ్చారో నేను అడగలేదు. నెల తర్వాత అక్క ఫోన్ చేసింది.

"పైసలు అందినయ్ బిడ్డా. మీ పిల్లలందరూ కలిసి పంపిన్రు గదా. ఒక్కొక్కరి పేరు చెప్పు, నాకు యాది ఉంటరు."

నేను పేర్లు చెప్పాను. తొమ్మిది పేర్లు, వరసగా, రూమ్ నంబర్లతో సహా.